లైల్ హాగెన్ వ్యాసంలో చివరి వాక్యం

"కూర్చో డెల్మర్, కూర్చో. నీ సోయా చేను నువ్వు లేకపోతే ఎక్కడికీ పారిపోదు. ఇవాళ ఆర్డిస్ నా సంగతి తేల్చేస్తానంది. తేల్చేలోపు నేనెవరో ఆవిడకి తెలియాలా వద్దా?"

ఆర్డిస్‌కి తెలియకేం. ఎల్మ్ ఫోర్క్ వారపత్రికకి ఇప్పుడు యజమానీ, సంపాదకురాలూ, అన్నీ ఆవిడే. ఈ లైల్ హాగెన్ నలభై ఏళ్ళు రాజకీయ వ్యాసాలు రాసినవాడు. పన్నులు తగ్గాలి, ప్రభుత్వం చిన్నదవ్వాలి, వాషింగ్టన్ వాళ్ళు మన జోలికి రాకూడదు, ఇదే ఆయన పాట. పోయిన నెల నగరంలో పెద్ద పత్రిక ఆయన శీర్షిక ఆపేసింది. మనిషికి డెబ్భై ఆరు దాటాయి. అయినా మూడు వారాలుగా రోజూ తెల్లారేసరికి ఈ కాఫీ హోటల్లో ఆర్డిస్ బల్ల ముందుకొచ్చి, మీ పత్రికలో ఓ మూల చోటివ్వమని అడుగుతున్నాడు. గురువారం చెప్తానంది. ఇవాళ గురువారం.

"పందొమ్మిది వందల డెబ్భై ఎనిమిదిలో, ఇదే ఊళ్ళో, ఇదే పత్రికలో రాస్తున్నానా, శాసనసభలో ఒకాయన పశువుల కొట్టాల మీద పన్ను వేద్దామని బిల్లు తెచ్చాడు. నేను ఊరుకుంటానా? ఒక వ్యాసం రాశాను. మామూలు వ్యాసమే, గొప్పలు చెప్పుకోకూడదు. కానీ చివరి వాక్యం ఉంది చూశావూ, 'కొట్టంలో ఆవుకున్న సిగ్గు ఈ సభలో ఒక్కడికైనా ఉందా?' అని పెట్టాను. అంతే. వారం తిరక్కుండా బిల్లు వెనక్కి తీసుకున్నారు."

అంత గొప్ప మాట పైనే పెట్టొచ్చు కదా, కింద దాచడం దేనికని అడిగాడు డెల్మర్.

"పైన పెట్టేది పిరికి విలేకరులు. పేజీలో చోటు చాలకపోతే కిందినుంచి కోసేస్తారని వాళ్ళ భయం. మనకా భయం ఎందుకుంటుంది? సరే, ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఆ సభ్యుడు నా చివరి వాక్యం సభలో పైకి చదివాడట. చదివి అక్కడే బావురుమన్నాడు. పక్కనున్నవాడు ఊరడించబోయి తనూ మొదలుపెట్టాడు. మొత్తం సభ ఏడుపు. ఆ కన్నీళ్ళు తుడవడానికి జెండాలు దించారంటే నమ్ము."

"జెండాలా?"

"మరి రుమాళ్ళు చాలొద్దూ? అక్కడితో ఆగిందా, ఆ కాగితం వాషింగ్టన్ చేరింది. అధ్యక్షుడు పళ్ళు తోముకుంటూ చదివాడు. నోట్లో బ్రష్షు అలాగే ఉంచుకుని మా ఇంటికి ఫోను. నేను కొట్టంలో పందులకి మేత వేస్తున్నాను, మా అమ్మ ఎత్తింది. మావాడికి తీరిక లేదు, తర్వాత చెయ్యమంది. చేశాడు, ఏడుసార్లు చేశాడు. మర్నాడు పన్నుల ఆఫీసులో నాలుగు వేలమంది గుమాస్తాలు ఒక్క గంటలో ఉద్యోగాలు వదిలేసి, మాకూ కాస్త సిగ్గుందని చెప్పి ఊళ్ళకి పోయారు. న్యూయార్కులో నన్ను నలభైసార్లు తిట్టిన ఉదారవాది ఒకడు, పేరెందుకులే, వాడొచ్చి మన పక్క కౌంటీలోనే పందులు పెంచుకుంటున్నాడు."

డెల్మర్ ఆపిల్ పై ముక్క నోట్లో పెట్టుకోవడం మర్చిపోయాడు. ఆర్డిస్ మాత్రం తన కాఫీ తను తాగుతోంది. ఆవిడ ముఖంలో ఏమీ కనపడక లైల్ గొంతు ఇంకా పెంచాడు.

"మాస్కోలో ఏమైందో తెలుసా? ఆ వాక్యం రష్యన్‌లోకి మార్చేసరికి ముగ్గురు సేనాపతులు టాంకులు దిగి ట్రాక్టర్లెక్కారు. ఇంకా వినండి. వాషింగ్టన్‌లో కాంగ్రెస్ భవనం గుమ్మటం ఉంది చూడండి, అది సిగ్గుతో రెండడుగులు కుంగింది."

"ఎవరైనా కొలిచారా?" అన్నాడు డెల్మర్.

"కొలవకుండా చెప్తానా? ఆ కొలిచినవాడు కూడా ఏడ్చాడు." లైల్ కుర్చీ ఆర్డిస్ వైపు జరుపుకున్నాడు. "ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, ఆర్డిస్, ఒక్క వాక్యంతో ఇంత చేసినవాణ్ణి. పెద్ద పత్రిక పొమ్మంటే పోయేవాణ్ణి కాను. నువ్వు కాదంటే రేపొస్తాను, ఎల్లుండొస్తాను. రాయకపోతే నాకు బతుకు లేదు. చేతిలో పెన్సిలు పట్టుకునే పోతాను."

ఆర్డిస్ కప్పు కింద పెట్టింది.

"లైల్, అప్పట్లో నేనీ పత్రికలోనే వ్యాసాలు కత్తిరించి అచ్చుకెళ్ళే పేజీల మీద అంటించేదాన్ని. ఆ వారం ఆఖరి నిమిషంలో ట్రాక్టరు టైర్ల ప్రకటన వచ్చింది. చోటు చాల్లేదు. నీ వ్యాసం కిందినుంచి కోశాను. ఆ ఆవు మాట అసలు అచ్చు కాలేదు."



"నేను చదివానే," అన్నాడు లైల్.

"నువ్వు చదువుకున్నది ఇంట్లో దాచుకున్న కార్బన్ కాపీ. పత్రిక తెరిచి చూసుంటే తెలిసేది. ఆ వారమే కాదు, నువ్విక్కడ రాసిన రెండేళ్ళూ నీ చివరి పేరా ఎప్పుడూ కత్తెర కిందికే పోయింది. ఇక ఆ బిల్లంటావా, తెచ్చినాయనకే ఏడు కొట్టాలున్నాయి. వాళ్ళావిడ గుర్తుచేసింది."

డెల్మర్ నవ్వాపుకోలేక బల్ల మీద తల పెట్టేశాడు. లైల్ ముఖం కందగడ్డలా అయింది. లేచి వెళ్ళిపోతాడనుకున్నారు అందరూ. వెళ్ళలేదు. చొక్కా జేబులోంచి పెన్సిలు తీసి, పేపరు రుమాలు ముందుకు లాక్కున్నాడు.

"చోటిస్తావా, ఇవ్వవా? అది చెప్పు."

"సోమవారం మధ్యాహ్నానికల్లా పంపు. మూడొందల మాటలు."

"ఐదొందలు."

"మూడొందలు," అంది ఆర్డిస్ కోటు వేసుకుంటూ. "ఎక్కువైతే ఎక్కడ కోస్తానో నీకిప్పుడు తెలుసు."