పడుకున్నోనికి డప్పు

శామీర్‌పేట మైదానంలో, ఒక గోలు ఆధిక్యంలో ఉన్న జట్టు గోల్‌కీపర్ ఎవరూ తాకకుండానే మోకాలు పట్టుకుని పడుకున్నాడు. రెఫరీకి ఒళ్లు మండింది.

“లేస్తవా, డప్పులోళ్లను పిలవాల్నా?”

“డప్పులెందుకు సార్?”

“కొత్త రూలు. పండుకొని టైం తినేటోనికి సావు డప్పు కొట్టిస్తం. ఇజ్జత్ కోసమన్న లేస్తడని.”

“పిలువుండ్రి.”

డప్పులు మోగాయి.

“ఇగ లే.”

“ఎట్ల లేస్త సార్? నేను లేస్తే డప్పు ఆగుతదట. జర పండుకో అన్నా అని బతిమాలుతున్రు.”

“ఎవలు, మీవోళ్లా?”

“కాదు సార్, ఓడుతున్నోళ్లు. అటు సూడుండ్రి, అందరు తీన్మార్ ఏస్తున్రు.”

రెఫరీ కోపంగా ఈల ఊదాడు. అది కూడా దరువు తప్పకుండానే మోగింది.