అమ్మ నంబరు

మాదాపూర్‌లో ఒక మాల్. నాలుగో అంతస్తులో పిల్లల ప్లే జోను. కౌంటరు వెనక ఒక ఉద్యోగి, ఇవతల నాలుగేళ్ల రసజ్ఞ చెయ్యి పట్టుకున్న ఆయమ్మ.

"ఆయాలకి ప్రవేశం లేదండి. పాపతో అమ్మగానీ నాన్నగానీ ఉండాలి."

"ఇద్దరు ఆఫీసుల ఉన్నరు సార్. వాళ్లే తోల్కపొమ్మన్నరు."

"అయితే అమ్మగారి ఫోనుకి ఓటీపీ పంపుతాం. అది చెబితే లోపలికి పంపిస్తాం."

"మేడం ఫోనెత్తదు. పొద్దుగూకేదాంక మీటింగులే."

"రూలండి. పిల్లల భద్రత కోసం పెట్టారు."

"నా చెయ్యి పట్టుకొని భద్రంగనే ఉన్నది గద."

"మీరెవరో మాకెలా తెలుస్తుందండి?"

"పోయిన నెల పిల్లకు జరమొస్తే దవాఖానల మూడు దినాలు నేనే ఉన్న. అక్కడ ఎవ్వరడగలే."

"అది ఆసుపత్రండి. ఇది ప్లే జోను."

"గట్లనా. దవాఖాన కన్న గిదే గట్టిగున్నది."

"నంబరు కూడా మీరు చెప్పకూడదు. పాపే చెప్పాలి. పాపా, అమ్మ నంబరు చెప్పమ్మా."

రసజ్ఞ పది అంకెలూ తడుముకోకుండా చెప్పింది. అతను కంప్యూటర్‌లో కొట్టాడు. ఆయమ్మ చేతిసంచిలో ఫోను టింగుమంది.

"ఇది మీ నంబరాండీ?"

"తప్పిపోతే చెప్పాలని నేర్పిన సార్. నా నంబరని చెప్పే నేర్పిన."

"నేను అమ్మ నంబరు అడిగానండి."

"నువ్వడిగింది ఇన్న సార్."

అతను కీబోర్డు దగ్గరికి లాక్కున్నాడు.

"సరే. ఓటీపీ చెప్పండి."

"చెప్త. గానీ మేడం తోని వచ్చిననాడు పిల్లను నంబరడగకు సార్. నా పని పోతది."