గేట్‌మాన్ పెండ్లాం

హిందూపురం ఆసుపత్రిలో, తల్లి ఆపరేషన్‌కు ముందు, కూతురు ఆమెకు ఫోన్‌లో ఒక సిరీస్ చూపిస్తోంది.

"నవ్వమ్మా. డాక్యుమెంటరీ మాదిరి తీసిన కామెడీ ఇది. రైల్వే గేట్‌మాన్ కత. ఆయప్ప లీవు రోజు గూడా గేటు కాడే కూర్చుంటాడు."

"మీ నాయనను చూసే తీసినట్టుండారు."

"ఇప్పుడు కెమెరా పక్క తిరిగి, 'నేను లేకుంటే రైలు ఎట్ల పోతాది?' అంటాడు చూడు."

"ఈ పొద్దు ఆపరేషన్‌కు రమ్మంటే మీ నాయనా అదే మాట అన్నాడు. ఈ కతలో వీనికి పెండ్లాం లేదా?"

"ఉండాది. ఆరు ఎపిసోడ్లలో ఒకసారి గూడా చూపియ్యలా."

"సరింగా తీసినారు."

"అమ్మా, సంతకం పెట్టేకి నర్సు పిలుస్తాండాది. నాయనకు ఇంగోసారి ఫోన్ చేస్తా."

"వద్దులే. నువ్వే పెట్టు. భర్త అని ఉన్నకాడ కొట్టేసి, కూతురు అని రాయి."