ఓడిపోవడానికి ఇచ్చిన గ్రాంటు

ఏమే, పొద్దుట్నుంచీ ఆ రెండు ఉత్తరాలూ అటు తిప్పి ఇటు తిప్పి చూస్తున్నావు, అవేమన్నా లేచి మాట్లాడతాయా? ఒకటేమో సగం ఫీజు ఇస్తాం, మిగతాది అప్పు అంటోంది. రెండోది మొత్తం ఇస్తానంటోంది గానీ వెనకాల షరతులు పెట్టింది. అంతేనా? ఆ కుర్చీ ఇలా ఈ తాత పక్కకి లాక్కో. మా చెల్లికీ కాలేజీలో చేరేముందు అచ్చం ఇదే గొడవ. దాన్ని నువ్వు చూడలేదులే, నువ్వు పుట్టకముందే పోయింది. నీ మొండితనం ఎక్కణ్ణుంచి వచ్చిందా అని మీ అమ్మ తల పట్టుకుంటుంది చూడు, నాకు మాత్రం తెలుసు ఎక్కణ్ణుంచో.

మా నాన్నది లేత్ పని. చదరంగం పావులు చేసేవాడు. ముందు గదిలో లేత్, వెనక గదిలో మేము, రెండింట్లోనూ చెక్కపొట్టే. బంటు, ఏనుగు లేత్ మీద లాగెయ్యొచ్చు గానీ గుర్రం తల మాత్రం చేత్తోనే చెక్కాలి, అది నా పని. తమాషా ఏంటంటే, ఇంటిల్లిపాదికీ ఆట రాదు. నాన్నకీ నాకూ పావులెలా నడుస్తాయో తెలుసు, ఎందుకు నడుస్తాయో తెలీదు. ఒక్క మా చెల్లికే వచ్చు. పావులు కొనడానికొచ్చిన వాళ్ళని కూర్చోబెట్టి, 'ఒక్క ఆట ఆడి చూసుకోండి' అని ఓడించి పంపేది. సగం మంది కొనకుండానే పోయేవాళ్ళు. నాన్న మొత్తుకునేవాడు, 'అది కాలేజీకి పోతే తప్ప నా వ్యాపారం బాగుపడదు' అని.

సరే, గ్రాంటు సంగతి. కాలేజీ వాళ్ళది సగం ఫీజు, మిగతాది అప్పు. ఇంకోటి బొత్తాల ఫ్యాక్టరీ పెద్దాయనది. ఆయనది ఫీజు, గది, పుస్తకాలు, చలికి కోటు కూడానూ. కోటుకి బొత్తాలు ఎన్నని అడక్కు, మెడ నుంచి మోకాలి దాకా బొత్తాలే. ఆ కబురు చెప్పడానికి ఆయన మేనేజరు వచ్చాడు. సన్నగా, నలిగిన రుమాలులా ఉండేవాడు. గొంతు తగ్గించి, 'పెద్దాయనకి చదరంగమంటే ప్రాణం. ప్రతి ఆదివారం అమ్మాయి వచ్చి ఒక ఆట ఆడాలి. ఆడి, అంటే... గెలవకూడదు. ఆయన ఓడిన రోజున గ్రాంటు ఆగిపోతుంది. కావాలని ఓడినట్టు తెలిసినా ఆగిపోతుంది' అన్నాడు.

ఇంట్లో యుద్ధమే అనుకో. నాన్నేమో, 'నేను చేసిన పావులతో నా కూతురు ఓడిపోవడమా! అప్పే చేద్దాం' అంటాడు. అమ్మేమో, 'రోజూ నోటితో నా మీద గెలుస్తూనే ఉందిగా, వారానికోసారి ఓడితే అరిగిపోతుందా?' అంటుంది. మా చెల్లి మాత్రం మూల కూర్చుని గోళ్ళు కొరుక్కుంది. దానికి చదువు కావాలి. ఓటమేమో ఒంటికి సరిపడదు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. చివరికి, 'నేర్చుకుంటాను. ఓడటం మాత్రం విద్య కాదా ఏంటి?' అంది.

ఇక మొదలైంది చూడూ, ఓటమి శిక్షణ! అమ్మని ఎదురుగా కూర్చోబెట్టారు. ఏనుగుని పట్టుకుని ఇదేంటే అని అడిగే మనిషి! ఆవిడ మీద ఓడిపోవాలి మా చెల్లి. సగం ఆట బాగానే ఓడేది, ఆఖర్న చెయ్యి ఆగేది కాదు, టక్కున ఆట కట్టించేసి లబోదిబోమనేది. నెల తిరిగేసరికి ఎలాగో ఓడింది. ఆ పూట మా అమ్మ వీధి వీధంతా తిరిగి చెప్పుకుంది, 'కాలేజీ పిల్లని ఓడించాను' అని. ఆ తర్వాత ఏ మాటకొచ్చినా, 'నాకు తెలీదా, చదరంగం ఆడేదాన్ని' అనడమే. పోయేదాకా అంతే.

మొదటి ఆదివారం నేనే సైకిల్ మీద దిగబెట్టాను, ఆట చూద్దామని కూర్చున్నాను కూడా. పెద్ద హాలు, పెద్దాయన, పక్కన చేతులు నలుపుకుంటూ మేనేజరు. మా చెల్లి మంత్రిని తీసుకెళ్ళి ఆయన బంటు నోటికి అందేలా పెట్టింది. తినలేదు! పైగా తన ఏనుగుని తెచ్చి దీని గుర్రానికి అందేలా పెట్టాడు. ఇదీ తినలేదు. చీకటి పడేదాకా ఆడినా బల్లమీద పావులన్నీ అలాగే ఉన్నాయి, పెళ్ళివారు కూర్చున్నట్టు. దారిలో చెల్లి ఒకటే ఏడుపు: 'అన్నయ్యా, ఆయనకి తినడం కూడా రాదు. ఓడిపోదామన్నా అవతలివాడికి కాస్త ఆట రావాలి కదా!'

అలా రెండేళ్ళు గడిచాయి. నవ్వకే, నిజం! ఒక్క ఆటా తేలలేదు. మూడో ఏడు ఒక ఆదివారం దీనికి పిచ్చెత్తిపోయింది. 'ఏమండీ, ఆ మంత్రిని తింటారా, తినరా?' అని బల్ల గుద్దింది. ఆయనా అంతకంటే గట్టిగా, 'నువ్వు తినవేంటమ్మా! ఎన్నాళ్ళని పెట్టను నీ ముందు?' అన్నాడు. ఇద్దరూ ఒక్కసారే మేనేజరు వైపు తిరిగారు. తీరా చూస్తే వాడు ఆయనకీ అదే చెప్పాడు! పాపం పేదింటి పిల్ల, ఓడిపోతే చదువు మానేస్తుంది, మీరే ఓడండి, తెలియకుండా ఓడండి అని. ఎందుకురా అంటే, 'ఎవరు ఓడినా ఆ కోపం నా మీదే పడుతుంది కదండీ' అన్నాడు. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం అంటారే, వీడు రెండింటికీ మూతులు కట్టేసి కూర్చున్నాడు!

అప్పుడు నిజంగా ఆడారు. మా చెల్లి చేతులు రుద్దుకుని, ఈయన పని పట్టేస్తా అన్నట్టు కూర్చుంది. నేను మంచినీళ్ళు తాగి వచ్చేసరికి ఆట కట్టు. ఎవరికి? దీనికే! తాడిని తన్నేవాడుంటే వాడి తల తన్నేవాడు ఉంటాడని ఊరికే అన్నారా? రెండేళ్ళు కిందామీదా పడి ఓడాలని చూసిందే, ఊరికే ఆడుంటే సుబ్బరంగా ఓడిపోయేది. కోపంతో కోటు బొత్తాలు తప్పు కన్నాల్లో పెట్టుకుని బయటికొచ్చింది. దారిలో అంది, 'ఈ గ్రాంటు తీసుకోకపోతే ఈయన నాకు దొరికేవాడే కాదన్నయ్యా. తీసుకునీ రెండేళ్ళు పోగొట్టుకున్నాను.' ఆ తర్వాత ప్రతి ఆదివారం పరిగెత్తేది. ఓడేది, నేర్చుకునేది, ఇంటికొచ్చి నాన్న పావులతో మళ్ళీ ఆడి చూసుకునేది. ఓడిపోయి అంత సంతోషంగా ఉన్న మనిషిని నేను మళ్ళీ చూడలేదు.

చదువు అయిపోయిన ఆఖరి ఆదివారం గెలిచింది. పెద్దాయన లేచి నిలబడి చెయ్యి కలిపాడు. ఆ చలికాలం దాటకుండానే పోయాడు. గెలిచిందన్న మాటేగానీ దీనికి నిద్ర పట్టేది కాదు. నిజంగా గెలిచానా, ఆయనే ఓడాడా? ఓడటం ఆయనకీ తెలుసుగా మరి, దీనితో పాటే నేర్చుకున్నాడు. పెద్ద ఉద్యోగం చేసింది, పిల్లల్ని పెంచింది, ఎప్పుడు కలిసినా నన్నదే అడిగేది, 'నువ్వక్కడే ఉన్నావుగా, నిజం చెప్పు' అని. నాకేం తెలుసు, గుర్రం తల చెక్కడం తప్ప? ఆసుపత్రిలో ఆఖరున కూడా చెయ్యి పట్టుకుని అడిగింది. 'నిజంగానే గెలిచావే' అన్నాను. 'అన్నయ్యా, నీకు ఆట రాదు కదా' అంది.

...

ఆ కిటికీ మూసెయ్యమ్మా, చలిగా ఉంది.