కారులో బుడగల ఆట

(మిట్టమధ్యాహ్నం. ఆసుపత్రి పార్కింగ్‌లో, ఛార్జింగ్‌కు పెట్టి ఉన్న ఎలక్ట్రిక్ కారు. స్టీరింగ్ ముందు డ్రైవరు. పక్క సీట్లో, కారు తెర మీదికి వంగి, ఆ ఇంటి కోడలు. అత్తగారు కాలి ఫిజియోథెరపీకి చేతికర్ర పట్టుకుని లోపలికి వెళ్లారు.)

"ఎర్రది, ఎర్రది! ఎర్రది కొట్టండి మేడమ్, పైనున్నవన్నీ రాలిపోతాయి."

"ఉండన్నా."

"ఉంటే ఎలా? అవతలివాళ్లు కొట్టేస్తున్నారు. అదిగో, పోయింది. చేతికందింది వదిలేశారు."

"పోతే పోనీ."

"అదేం ఆటండీ? ఈ కారు బ్రౌజర్లో ఆటలొస్తాయని మీకు చూపించిందే నేను. ఛార్జింగ్ ఎక్కేదాకా తోచక ఏదో నొక్కుతుంటే తగిలింది. నాలుగాటలకే నన్ను చిత్తుగా ఓడించారు మీరు. ఇప్పుడేమో రోజూ ఓడిపోతున్నారు. బుడగల మీద ధ్యాసే ఉండట్లేదు."

"తలనొప్పిగా ఉందిలే."

"చేతికేమైంది?"

"ఏ చేతికి?"

"ఆ నొక్కే చేతికి. మణికట్టు దగ్గర కమిలిపోయి ఉంది."

"తలుపు తగిలింది."

"మొన్న మోచేతికీ తలుపే అన్నారు."

"అన్నా, నువ్వు కాసేపు కళ్లు మూసుకోవచ్చుగా. పొద్దున్నుంచీ తిరుగుతూనే ఉన్నావు."

"నిద్ర రావట్లేదు. మేడమ్... ఆ బుడగల కింద అక్షరాలు పడుతున్నాయేంటి?"

"ఎక్కడ?"

"ఇదిగో, ఇక్కడ. టకటకా పడుతున్నాయి."

"అవతల ఆడేవాళ్లు. బాగా కొట్టావనో, తొందరగా కొట్టమనో రాస్తుంటారు. అందరూ రాస్తారు."

"'చెల్లీ' అని రాశారు."

"చదవకు."

"ఎదురుగా కనిపిస్తుంటే ఎలా చదవకుండా ఉంటా? 'చెల్లీ, వెనక గేటు దగ్గరే ఉన్నా' అని ఉంది."

"చదవకన్నా. నీకు దణ్ణం పెడతా, అటు తిరుగు."

"ఎవరామె?"

"మా అక్క."

"సొంత అక్కా? మీకెవరూ లేరని సార్ చెప్పారే!"

"లేకుండా చేశారు. నా ఫోన్లోంచి అక్క నంబరు తీసేశారు, స్నేహితులవి తీసేశారు. సాయంత్రం ఆయన రాగానే ఫోన్ తీసుకెళ్లి చేతిలో పెట్టాలి. ఎవరు చేశారు, ఎంతసేపు మాట్లాడావు, ఎందుకు నవ్వావు... అన్నీ చెప్పాలి. కారు తెరలో కూడా ఇంటర్నెట్ ఉంటుందని మాత్రం ఆయనకి తట్టలేదు. ఓసారి నువ్వు నీళ్ల సీసా కోసం దిగినప్పుడు, ఇందులోంచే అక్కకి ఓ మెయిలు పెట్టా. ఈ ఆటలోకి రమ్మని."

"మెయిల్లోనే మాట్లాడుకోవచ్చుగా? ఈ బుడగలెందుకు మధ్యలో?"

"మెయిలు రాస్తుంటే నువ్వు చూస్తావు. ఆటైతే ఆడుకుంటున్నాననుకుంటావు."

"నేను చూస్తే ఏంటి?"

"చెప్తావు. నేనేం చేసినా రోజూ చెప్పమన్నారుగా నీకు."

"చెప్పమన్నారు."

"చెప్పావా?"

"చెప్పా. మేడమ్ చిన్నపిల్లలా బుడగలు పగలగొట్టుకుంటారని చెప్పా. సార్ పడీ పడీ నవ్వారు. ఆడుకోనీ, దాని బుర్రకి అదే ఎక్కువ అన్నారు. తప్పుగా అనుకోకండి."

"అనుకోను. ఆ నవ్వే ఇన్నాళ్లూ నన్ను కాపాడింది."

"ఇంతకీ మీ అక్క గేటు దగ్గరెందుకు ఉన్నట్టు?"

"నన్ను తీసుకెళ్లడానికి."

"ఎప్పుడు?"

"ఇప్పుడు."

"వద్దు. వద్దు మేడమ్, నాతో అనొద్దు. నేను వినలేదు."

"విన్నావు."

"వినలేదన్నాగా!"

"తలుపు లాక్ తీయి చాలు. ఇంకేం చేయొద్దు నువ్వు."

"తీస్తే ఏమవుతుందో తెలుసా? ఈ బండిలో ఏ తలుపు తెరుచుకున్నా సార్ ఫోన్‌కి కబురు పోతుంది. పెద్దమ్మగారు తిరిగొచ్చేదాకా మిమ్మల్ని దిగనివ్వకూడదని నాకు ఆర్డరు. ఆ రోజు నీళ్ల సీసా కోసం దిగానా, ఎందుకు దిగావురా అని ఫోన్!"

"అయితే ఇదీ ఇల్లే."

"ఇంట్లో అయితే కనీసం అటూ ఇటూ తిరుగుతారు."

"ఎక్కడ తిరగను? ముందు పడగ్గది గడియ ఊడదీయించారు. తర్వాత స్నానాల గదిది. ఎప్పుడు తోసుకొస్తారో తెలీదు. తలుపుకి వీపు ఆనించి నిలబడి స్నానం చేస్తా. తలుపు తగిలిందని నీకు అబద్ధమేం చెప్పలేదన్నా."

"అయితే ఆ దెబ్బలు సార్ తోస్తే తగిలినవా మేడమ్?"

"నీ ఫోన్ మోగుతోంది."

"సార్."

"ఎత్తు."

"హలో... ఆ సార్, ఆసుపత్రి దగ్గరే సార్... లోపలే ఉన్నారు, ఇంకా రాలేదు... మేడమా? ఉన్నారు సార్, పక్కనే... ఆ, అదే ఆట సార్... లేదు సార్, దిగలేదు... నేనా? నేనూ దిగలేదు సార్... ఓహో... అలాగే సార్. అలాగే, చెప్తా. అలాగే."

"ఏమన్నారు?"

"రేపట్నుంచి ఫిజియోథెరపీకి ఇంటికే మనిషిని పిలిపిస్తారట. ఇక మీరిద్దరూ బయటికి రానక్కర్లేదట."

"అంటే ఈ కారు కూడా లేదు."

"లేదు."

"అక్క మళ్లీ రాసింది. 'ఇంకెంతసేపు' అంటోంది. ఏం రాయను?"

"నాకిద్దరు పిల్లలు మేడమ్."

"తెలుసు."

"ఈ పని పోతే..."

"తెలుసన్నా. నిన్ను ఇరికించడం తప్పు. వెళ్లిపొమ్మని రాసేస్తా."

"రాయకండి."

"మరి?"

"రాయకండి అంటున్నాగా! ఆలోచించనివ్వండి కాసేపు. ఇదిగో, ఛార్జింగ్ వైరు తీయాలని నేను దిగుతా. నా తలుపు ఎలాగూ తెరుచుకుంటుంది. వైరు కోసమని చెప్పుకుంటా. మీరు నా సీటు మీంచి ఇటు..."

"అన్నా, అత్తయ్య!"

"ఎక్కడ?"

"మెట్ల దగ్గర. ఇటే వస్తున్నారు."

"ఇంకా టైముందిగా!"

"అయిపోయింది. అంతా అయిపోయింది. తెర ఆపెయ్. ఆపెయ్యన్నా!"

"కంగారు పడకండి, మొహం తుడుచుకోండి. పెద్దమ్మగారూ! అప్పుడే అయిపోయిందా? ఉండండి, లాకులు తీశా, వెనక తలుపు తెరుస్తా..."

"వెనకది అక్కర్లేదు, ముందుది నేనే తీశా. దిగు అమ్మాయ్."

"మీరు ముందు కూర్చుంటారా అత్తయ్యా? నేను వెనక్కెళ్తా."

"వెనక సీట్లోకి కాదు, వెనక గేటుకి. అక్కడ ఒకావిడ ఇందాకట్నుంచీ కాలు కాలిన పిల్లిలా తిరుగుతోంది. అచ్చం నీ ముక్కే."

"అత్తయ్యా, నేను... నాకేం..."

"వాడి ఫోన్‌కి కబురు పోయే ఉంటుంది. నేను ఎక్కడానికి తీశాననుకుంటాడు. నిలబడి మాట్లాడకు. డ్రైవర్, నువ్వు తిన్నగా ముందుకు చూడు. అడిగితే, కోడల్ని మందులకి పెద్దమ్మగారే పంపారని చెప్పు."

"అలాగేనమ్మా."

"ఆయన మిమ్మల్ని వదలరు అత్తయ్యా. మీరూ రండి."

"వాడు నా కడుపున పుట్టినవాడు. నా తిప్పలేవో నేను పడతా. ఆ చెప్పు సరిగా తొడుక్కో, పడతావు."

"మీ చేతికర్ర ఏది? కర్ర లేకుండా నడిచొచ్చారా?"

"కాలు ఎప్పుడో బాగైపోయిందే పిచ్చిదానా. లోపల చికిత్సా లేదు, పాడూ లేదు. రోజూ ఆ వరండాలో కుర్చీ వేసుకుని ఈ కారు వంకే చూస్తూ కూర్చుంటున్నా, నువ్వు ఎప్పటికి దిగి వెళ్లిపోతావా అని!"