తెరవని పెట్టెలు

జనగామ పీజీ సెంటర్ లైబ్రరీ. సకల జనుల సమ్మె ముగిసిన చలికాలం. కొత్త లైబ్రేరియన్ దయాకర్ గదిలో అటెండర్ లస్మయ్య నిలబడి ఉన్నాడు.

“...భూపాలపల్లి ఎంత దూరమో ఎరుకనా సార్?”

“కూసో లస్మన్న. ముందుగాల కూసో.”

“కూసుంటే ట్రాన్స్‌ఫర్ ఆర్డర్ మారుతదా?”

“మారదు.”

“అయితే నిలబడ్డదే మంచిగున్నది.”

“నన్ను సార్ అంటున్నవేంది? మొన్నటిదాక తమ్మీ అన్నవ్.”

“అది సమ్మె టెంటు. ఇది ఆఫీసు. టెంటుల నా పక్కన సాప మీద కూసున్నవ్. ఇప్పుడు గిర్రున తిరిగే కుర్చొచ్చింది నీకు.”

“అన్నా, ఇది నేను చేసింది కాదు. కౌంటర్ తీసెయ్యాలని పైనుంచే వచ్చింది. ఇగ పిల్లలే లోపలికి పోయి పుస్తకం తీసుకుంటరు, కంప్యూటర్ల ఎక్కించుకుంటరు. మనిషి ఒక్కడు చాలు.”

“ఆ ఒక్కడు నాతోటి అటెండర్ బిక్షపతి.”

“బిక్షపతి కంప్యూటర్ ట్రైనింగ్‌కు పోయిండు.”

“పోయిండు. సహాయ నిరాకరణ నడుస్తుంటే దొంగచాటుగ పోయిండు. నన్ను పోవద్దన్నదెవరు? చెప్పు సార్. సంతకం పెట్టొద్దు, ట్రైనింగ్ వద్దు, తెలంగాణ వచ్చినంక మనమే నేర్చుకుందం అన్నదెవరు?”

“అందరం అన్నం.”

“అందరం అనకు. మైకు నీ చేతిలుండె.”

“ఏం జెయ్యమంటవన్నా? పెద్ద క్యాంపస్‌కు పోయి అడిగిన. ట్రైనింగ్ లేనోళ్లు భూపాలపల్లి కొత్త సెంటర్‌కు పోవాల్సిందే అన్నరు. చాయ్ తాపి పంపిచ్చిండ్రు.”

“ఇప్పుడు నేర్పియ్యి. నేర్చుకుంట.”

“ఆ మాట గూడ అడిగిన. అయిపోయింది పో అన్నరు.”

“రెండేండ్లయితే రిటైరైత. రెండేండ్లాపు.”

“నాతోని కాదు.”

“అవ్వకు కండ్లు కనవడయి. పొద్దుగాల రఘునాథపల్లిల ఆమెకు బుక్క పెట్టి బండెక్కుత. మాపటికి పోయి మళ్ల పెడత. నా పెండ్లాం ఉన్నప్పుడు ఆమె చూస్తుండె. ఇప్పుడెవరున్నరు?”

“భూపాలపల్లికి తీస్కపోరాదు?”

“ఆ ఇంట్ల గోడలు తడుముకుంట బతుకుతది. కొత్త ఇంట్ల తలుపేడుందో ఎవరు చూపెట్టాలె? నేను పొద్దంత ఆ సెంటర్ గేటు కాడ ఉంటినాయె.”

“నాకేం పాలుపోతలేదన్నా.”

“మనోడు పెద్దసారయితే మనల్ని చూస్తడనుకున్నం. ఆంధ్ర నుంచొచ్చిన మూర్తి సార్‌ను గీ కుర్చీలకెల్లి లేపింది ఇందుకేనా?”

“ఆయన ముచ్చట ఇప్పుడెందుకు?”

“ఎందుకొద్దు? నేను ‘ఏంది’ అంటే, ‘ఏమిటి అనవయ్యా’ అని పిల్లల ముందల నవ్వేటోడు. మా ఆమె సచ్చిపోయినప్పుడు ఇంటికొచ్చి చెంబెడు నీళ్లు ముట్టలే. అవ్వ కాడ జరసేపు నిలబడ్డడు. ఏదో అడిగిండు. పోయిండు. గంతే.”

“ఊకో అన్నా.”

“ఊకోను. ఆయనకు పని గూడ చాతగాదు. కంప్యూటర్లు నాలుగేండ్లు అట్టపెట్టెలల్లనే ఉండె. మన పిల్లలకు వచ్చిన సామాను మురగవెట్టిండని గేటు కాడ నేనే మొత్తుకున్న. ఆయన్ను పంపియ్యాలన్న దరఖాస్తుల మొదలు అదే రాపిచ్చిన.”

“ఎరుకే.”

“నువ్వొచ్చిన వారంలనే తెరిచినవ్. అందరం చప్పట్లు గొట్టినం.”

“జర నన్ను చెప్పనియ్యి.”

“ఏం చెప్తవ్? సామాను సర్దుకోమంటవా?”

“చార్జి అప్పజెప్పేనాడు ఆయన్ను అడిగిన. పెట్టెలెందుకు తెరవలేదు సార్, చాతగాకనా అని. నవ్విండు.”

“నవ్వుతడు. ఆయనకదే పని.”

“‘కరెంటు బాగోలేదని, గది బాగోలేదని ఏటేటా ఏదో ఒకటి చెప్పి ఆపుకుంటూ వచ్చాను. నువ్వు కూడా ఇంకో రెండేళ్లు ఆపు’ అన్నడు.”

“ఎందుకట?”

“‘అవి తెరిస్తే లస్మయ్యను పంపించేస్తారయ్యా. ఇంటి దగ్గర ఆ ముసలావిడకు అన్నం పెట్టేదెవరు’ అన్నడు.”

“తెల్సి... తెల్సి నువ్వెందుకు తెరిచినవ్?”

“అందరూ సూస్తుంటె, కత్తెర తెచ్చి నా చేతుల పెట్టింది నువ్వే గదన్నా.”