ఊడ్పుల్లో నేర్చిన ఫాస్ట్ బ్రేక్

అది కాదండీ ప్రిన్సిపాల్ గారూ, బాస్కెట్‌బాల్ కోర్టు తీసేసి సైకిల్ స్టాండ్ కడతాననడం ఏం న్యాయమండీ? ఒక్క మ్యాచ్ ఓడినందుకా? ఎందుకు ఓడామో నన్ను ఎవరైనా అడిగారా?

కూర్చోనా? వద్దులెండి. ఇన్నేళ్లు గ్రౌండులో నిలబడి అరిచినవాణ్ణి, కూర్చుంటే నాకు మాట రాదు.

జై ఆంధ్రా గొడవల తర్వాత పోటీలు ఈ ఏడే కదా మళ్లీ పెట్టారు. బెజవాడ కుర్రాళ్లు తాటిచెట్లలా ఉంటారు. మన పామర్రు పిల్లలు పొట్టివాళ్లు. మరి ఎలా గెలవాలి? పరుగండీ! వాళ్లేసిన బంతి రింగు తప్పగానే మనవాడు అందుకోవాలి, ముందు పరిగెత్తేవాడికి విసరాలి, వాళ్లు తేరుకునేలోపు బుట్టలో పడిపోవాలి. ఫాస్ట్ బ్రేక్ అంటారు. నేను బందరులో బి.ఏ. చదివేటప్పుడు మా లాజిక్ మాస్టారు... సరే, ఆయన సంగతి ఇప్పుడెందుకులెండి.

తీరా ప్రాక్టీసు పెడితే ఒక్కడూ రాడే! ఏమయ్యార్రా అంటే, ఊడ్పులట. అందరూ వరి నాట్లేస్తూ పొలాల్లోనే. సరే, నేనే వెళ్లాను. ప్యాంటు మోకాళ్ల దాకా మడిచి, మెళ్లో విజిల్ వేసుకుని.

మన టీములో బాలశౌరి గట్టు మీంచి నారు కట్ట విసురుతుంటే చూడాలండీ! మడి అవతల వంగి నాటుతున్న ఏసుపాదం పక్కన చటుక్కున పడింది. ఇంతకంటే ఫాస్ట్ బ్రేక్ ఏం కావాలి? అక్కడే కోచింగ్ మొదలెట్టాను. నేను ఊదడం, వాళ్లు ఊడ్చడం. ముఠా మేస్త్రి రావమ్మ, "మాస్టారూ, ఆ పీపీ ఆపి నాలుగు మొక్కలు నాటరాదా?" అంది. నాటాను కూడా. నవ్వకండి. అవన్నీ నీళ్లలో తేలాయి, అది వేరే సంగతి.

ఇక మ్యాచ్ రోజు. బాలశౌరికి బంతి దొరికింది. విసిరాడు. ఏం విసురండీ అది! సరిగ్గా ఏసుపాదం పక్కన పడింది. వాడు పట్టుకోడే! చెయ్యి చాపడే! నారు కట్టని ఎవరు పట్టుకుంటారండీ, పడ్డాక వంగి తీసుకుంటారు గానీ? వంగాడు. బంతి ఎగిరి బయటికి పోయింది.

"పట్టుకోరా!" అని అరిచాను. ఈసారి పట్టుకున్నాడు. పట్టుకుని వెనక్కి నడిచాడండీ! వెనక్కి నడుస్తూనే కదా నాటేది! వాణ్ణి చూసి తక్కినవాళ్లూ వరస కట్టి, నడుములు వంచి, వెనక్కి! జనం ఒకటే ఈలలు.

అప్పుడు నేనో ఎత్తు వేశాను. హాఫ్‌టైంలో, "మనం కాచే బుట్టకేసి మొహం పెట్టి నిలబడండ్రా, ఇక వెనక్కే పొండి" అన్నాను. ఆహా! దూసుకుపోయారండీ. ఎవణ్ణి ఆపాలో బెజవాడవాళ్లకి తోచలేదు. వాళ్ల రింగు కిందికి చేరిపోయారు. "రింగు వైపు తిరిగి వెయ్యండ్రా!" అన్నాను. తిరిగారు. తిరిగిన మరుక్షణం మళ్లీ వెనక్కి నడుస్తూ మన వైపుకి వచ్చేశారు.

అయినా ఏం మించిపోయిందండీ? కోతల దాకా ఆగండి. కోతలో ముందుకే కదా నడిచేది! అప్పుడు మళ్లీ పొలంలోనే నేర్పుతాను. ఈసారి గెలవకపోతే...

ఏమిటీ? సంతకం అయిపోయిందా? స్తంభాలు పీకడానికి మనుషులు కూడా వచ్చేశారా?

సరేలెండి. సైకిళ్లే పెట్టుకోండి. ఆ రింగులు మాత్రం పారేయకండి, ఏ కాలేజీకైనా ఇచ్చెయ్యండి. సరికొత్తవండీ. మావాళ్లు విసిరిన బంతి వాటికి తగిలిన పాపాన పోలేదు.